పత్తర్‌గట్టి: చార్మినార్‌కు పోయే తొందరలో దాటిపోయే వీధి

హైదరాబాద్ పాతబస్తీ గురించి రాసేవారు సాధారణంగా చార్మినార్ దగ్గర మొదలుపెట్టి చార్మినార్ దగ్గరే ముగిస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. నయాపూల్ దాటి మదీనా చౌరస్తాకు వచ్చేసరికి ఎదురుగా మీనార్ల కొనలు కనిపించడం మొదలవుతుంది కనుక, అక్కడి నుంచి నడిచే మనిషి చూపు వాటి మీదే నిలిచిపోతుంది. రెండు పక్కలా ఒకే తీరు రాయితో, ఒకే తీరు కమానులతో, పైన ఇళ్లూ కింద దుకాణాలుగా సాగిపోయే వరుసను అతడు చూసీ చూడనట్టు దాటిపోతాడు. ఆ వరుస పేరే పత్తర్‌గట్టి. ఒక వీధిని మొదటి నుంచి చివరి దాకా ఒకే కట్టడంగా ఊహించి నిర్మించిన చోటు హైదరాబాద్‌లో దీనికి మించింది లేదని నా అభిప్రాయం. ఇది చార్మినార్‌కు వెళ్లే దారిగా మాత్రమే మన లెక్కలో మిగలడం నాకు చాలాకాలంగా వెలితిగా ఉంది.

ఉత్తరం నుంచి వచ్చేవారికి ఈ దారి ఇలా ఉంటుంది. అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీదుగా మూసీని దాటగానే కుడివైపు ఎర్రని గుమ్మటాల హైకోర్టు, ఎడమవైపు కొంత దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం వస్తాయి. ఆ తరువాత మదీనా చౌరస్తా, అక్కడి నుంచి మచ్లీ కమాన్ దాకా పత్తర్‌గట్టి, కమాన్ దాటితే గుల్జార్ హౌజ్, ఇంకొక కమాన్ దాటితే చార్మినార్. మొత్తం కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చరిత్ర గ్రంథాల్లో ఈ దారి అంతటినీ 1591 నాటిదిగా చెప్పేసి ముందుకు సాగడం కనిపిస్తుంది. దారి వేసిన గీత మాత్రం అప్పటిదే. దాని మీద ఈనాడు కనిపించే ముఖం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది, అదీ ఒక పెద్ద విపత్తు తరువాత వచ్చింది.

గీత సంగతి ముందు చెప్పుకోవాలి. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయి, నీటికి కటకట ఏర్పడిన కాలంలో, ఐదవ కుతుబ్ షాహీ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టించాలని తలపెట్టాడు. ఇరాన్ నుంచి వచ్చి పేష్వా, అంటే ప్రధానమంత్రి, పదవిలో ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ దానికి రూపకల్పన చేశాడు. ఉత్తర దక్షిణాలుగా ఒక రాజమార్గం, తూర్పు పడమరలుగా మరొకటి, అవి కలిసే చోట చార్మినార్, వాటి వల్ల ఏర్పడిన నాలుగు భాగాల్లో నగరం అన్నది ఆయన ఆలోచన. చార్మినార్‌కు కొద్దిగా ఉత్తరాన, ఉత్తరపు దారి మీదే విశాలమైన మైదానం ఒకటి విడిచి, దానికి నాలుగు వైపులా నాలుగు ఎత్తైన కమానులు కట్టి, నడుమ నీటి తొట్టి ఏర్పాటు చేశారు. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. నడుమ ఉన్న నీటి తొట్టి ఇప్పటి గుల్జార్ హౌజ్. పడమటి కమాన్ రాజప్రాసాదాలకు ద్వారంగా ఉండేది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచిన తరువాత ఆ ప్రాసాదాలు నేలమట్టమయ్యాయి, కమానులు మాత్రం నిలిచాయి. సైన్యాలు బారులు తీరిన ఆ మైదానంలో ఇప్పుడు నగల దుకాణాలు ఒకదానిని ఒకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి కనుక, అక్కడ ఒకప్పుడు ఖాళీ జాగా ఉండేదని ఊహించుకోవడానికి కొంచెం ప్రయత్నం అవసరం.

ఆ తొలి రూపంలో ఉత్తరపు దారి నగరానికి ముఖద్వారం కాదన్న సంగతిని చాలామంది గమనించరు. గోల్కొండ నుంచి వచ్చేవారు 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ మీదుగా మూసీని దాటి పడమటి వైపు నుంచి నగరంలోకి ప్రవేశించేవారు. మచిలీపట్నం రేవుకు పోయే సరుకు తూర్పు దిక్కున బయటికి సాగేది. ఉత్తరాన నది అడ్డం, దాని మీద ఆ చోట వంతెన లేదు. రాచమర్యాదలన్నీ ఉత్తరపు దారికి దక్కితే, రద్దీ అంతా తూర్పు పడమరల దారిదై ఉంటుందని అనుకోవాలి. ఇప్పుడు పరిస్థితి సరిగ్గా తిరగబడింది.

అది తిరగబడడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఆసఫ్ జాహీలు ఔరంగాబాద్‌ను విడిచి హైదరాబాద్‌ను రాజధానిగా చేసుకోవడం, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నదికి ఉత్తరాన కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ లేవడం, 1831లో చాదర్‌ఘాట్ వంతెన, తరువాత ఐదవ నిజాం అఫ్జల్-ఉద్-దౌలా కాలంలో ఇప్పటి నయాపూల్ ఉన్న చోట మరొక వంతెన, 1874లో సికింద్రాబాద్‌కు, 1907లో నాంపల్లికి రైల్వే స్టేషన్లు రావడం ఇవన్నీ కలిసి నగరం బరువును మెల్లమెల్లగా నదికి ఉత్తరపు గట్టుకు జరిపాయి. కొత్తగా వచ్చినవాడు ఉత్తరం నుంచే రావలసిన పరిస్థితి ఏర్పడింది. అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్‌కు వచ్చే దారి నగరానికి వాకిలి అయింది, ఆ వాకిలి మాత్రం ఇరుకుగా, గజిబిజిగా మిగిలిపోయింది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ కథలో అసలు మలుపు. ఒక్క రోజులో నది రెండు గట్లనూ మింగేసింది, వంతెనల మీదుగా పారింది, వేలాదిమంది ప్రాణాలు పోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి నది అదుపునకు, మురుగునీటి పారుదలకు ప్రణాళిక అడిగారు. ఆ ప్రణాళిక ఫలితమే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు. ఆనకట్టల గురించి మనం తరచుగా చెప్పుకుంటాం కానీ, ఆ వరద వల్ల వచ్చిన రెండో ఫలితం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1912లో, నగరాభివృద్ధి మండలి ఒకటి ఏర్పడింది. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అని దాని పేరు. రోగాలకు నెలవైన ఇరుకు బస్తీలను తొలగించడం, సామాన్యులకు ఇళ్లు కట్టడం, దారులు వెడల్పు చేయడం, అంగళ్లు నిర్మించడం దాని పనులు. కొంతకాలం తరువాత నిజాం రెండో కుమారుడు మొఅజ్జం జా దానికి అధ్యక్షుడయ్యాడు. 1935 నాటి మొఅజ్జంజాహీ మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు.

నదీతీరంలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వంటి పెద్ద కట్టడాలు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన రోజుల్లోనే, బోర్డు ఈ వీధిని చేపట్టింది. దారిని వెడల్పు చేసి, రెండు వైపులా ఒకే పద్ధతిలో రాతి వరుస కట్టించింది. కింద దుకాణాలు, వాటి ముందు కోసుగా లేచే కమానులు, పై అంతస్తులో వ్యాపారుల ఇళ్లు, వాటికి వీధి వైపు కిటికీలు, బాల్కనీలు. రాయి మన దక్కన్ నల్లరాయే. చార్మినార్‌నూ కమానులనూ చూసి నేర్చుకున్న కోసు కమాను రూపం ఇక్కడ ఆడంబరం తగ్గించుకుని, చీరలు అమ్ముకునే దుకాణానికి సరిపోయే కొలతకు దిగివచ్చింది. కోటలకూ మసీదులకూ వాడిన రూపాన్ని అంగడికి ఇవ్వడంలో గొప్ప మర్యాద ఉందని నాకు అనిపిస్తుంది. రాజు కోసం కట్టిన గుమ్మటాన్ని చూసి మనం తల పైకెత్తుతాం, ఇక్కడ మాత్రం కొలత మన భుజం ఎత్తు నుంచే మొదలవుతుంది.

దీని వెనుక ఉన్న కట్టుబాటు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఒక వీధి అందంగా ఉండాలంటే ప్రతి ఇల్లూ అందంగా ఉండనక్కరలేదు, ఇరుగుపొరుగు ఇళ్లు ఒకరి మాట ఒకరు వింటే చాలు. పత్తర్‌గట్టిలో ఏ ఒక్క దుకాణాన్నీ విడిగా చూసి ఆహా అనవలసిన పని లేదు. ఇరవై అడుగుల వెడల్పు లేని ఒక ముక్కను తెచ్చి వేరేచోట నిలబెడితే అది మామూలు రాతి కట్టడమే. అటువంటివి పక్కపక్కన, కమాను అంచుకు కమాను అంచు కలిసేలా, పైకప్పు గీత చెదరకుండా మచ్లీ కమాన్ దాకా సాగినప్పుడు మాత్రమే వాటికి బలం వస్తుంది. తన దుకాణం పక్కవాడి కన్నా రెండు అడుగులు ఎత్తుగా ఉండాలన్న మానవ సహజమైన కోరికను ఆనాటి బోర్డు ఎలా ఆపగలిగిందో, ఆ పని ఈనాడు మనవల్ల ఎందుకు కావడం లేదో ఆలోచించదగిన విషయాలు.

ఇంకొక విశేషం ఏమిటంటే, ఈ రాతి వరుస నిజానికి చాలా పలచనిది. దారికి ముఖంగా తెర కట్టినట్టు నిలబడిందే తప్ప, దాని వెనుక పాత నగరం పాత తీరులోనే ఉండిపోయింది. ఐరోపా నగరాల్లో వెడల్పాటి మార్గాలు వేసినప్పుడు పేటలకు పేటలే తుడిచిపెట్టుకుపోయిన సందర్భాలున్నాయి. ఇక్కడ ఏదో ఒక సందులోకి తిరిగి కొన్ని అడుగులు వేస్తే వంకరటింకర గల్లీలు, దేవిడీలనే పాత నవాబీ భవంతుల మిగులు గోడలు, వాటి లోపల మొహర్రం శోకం పాటించే ఆషూర్‌ఖానాలు ఎదురవుతాయి. వాటిలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గురించి తప్పక చెప్పాలి. చార్మినార్ పూర్తయిన కొద్ది సంవత్సరాలకే మహమ్మద్ కులీ కట్టించిన ఈ శోకమందిరం లోపలి గోడల నిండా పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మెరుపు పలకలతో అల్లిన ఆలం, అంటే మొహర్రం ధ్వజం, రూపాలున్నాయి. 1908 వరద నీరు లోపలికి వచ్చినప్పుడు గోడల అడుగు భాగంలోని పలకలు దెబ్బతిన్నాయి, ఆ తరువాత అక్కడ అదే నమూనాను రంగులతో చిత్రించారు. పైన అసలు పలకలు, కింద వాటి బొమ్మ. నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి వేరే గుర్తు అవసరం లేదు. ఈ వీధిలో నడిచి వెళ్లే వేలమందిలో నూటికి ఒక్కరైనా అటు తొంగి చూస్తారో లేదో నాకు సందేహమే.

దీవాన్ దేవిడీ కూడా ఈ తెర వెనుకదే. సాలార్‌జంగ్ వంశీకుల నివాసమైన ఈ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1968లో అది ఇప్పటి భవనంలోకి మారింది. దేవిడీ లోపలి భాగం తరువాత బట్టల అంగళ్లుగా మారిపోయింది, కమాను ద్వారం మాత్రం మిగిలింది. చౌరస్తాకు పేరు తెచ్చిన మదీనా బిల్డింగ్ కథ మరో రకం. నిజాం పాలన చివరి కాలంలో ఒక ధనిక వంశం ఈ భవనం కట్టించి, అద్దెల సొమ్ము అరబ్బు దేశంలోని మదీనా నగరానికి చేరాలన్న సంకల్పంతో వక్ఫ్ చేసింది, అంటే ధర్మకార్యానికి శాశ్వతంగా రాసి ఇచ్చింది. ఇక్కడి చీరల గజాల లెక్క ఎక్కడో ఎడారి నగరంలోని బీదల అన్నానికి ముడిపడి ఉండేదన్నమాట.

చీరల గజాలన్నాను కనుక వ్యాపారం గురించి చెప్పాలి. తెలంగాణ పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి పెళ్లి సామానుకు వచ్చే తెలుగు కుటుంబాలకు ఈ వీధి చరిత్ర అక్కరలేదు, ధరలే కావాలి. మా మేనత్త హయాంలో మా ఇంట్లో ఏ పెళ్లి కుదిరినా "బట్టలకు మదీనా, వెండి బంగారాలకు చార్ కమాన్, గాజులకు లాడ్‌బజార్" అన్న క్రమం మారేది కాదు, ఆ క్రమంలో నడిస్తే ఈ రాజమార్గం మొత్తం ఉత్తరం నుంచి దక్షిణానికి దానంతటదే పూర్తయ్యేది. పత్తర్‌గట్టి అంటే ఇప్పటికీ ముత్యాల దుకాణాలు, అత్తరు సీసాలు, పట్టు బట్టలు, పెళ్లికొడుకుల షేర్వాణీలు. ముత్యం ఇక్కడి నీళ్లలో పుట్టింది కాదు. ఒకప్పుడు బస్రా నుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కువగా చైనా పెంపుడు ముత్యాలు వస్తున్నాయి. వాటిని ఏరడం, బెజ్జం వేయడం, దండ గుచ్చడం ఇక్కడి చేతుల పని. బేరాల భాష కూడా గమనించదగినదే. దుకాణదారు మార్వాడీ అయినా, దక్కనీ మాట్లాడే పాతబస్తీవాడు అయినా, ఎదుట కూర్చున్నది భువనగిరి నుంచి వచ్చిన పెద్దావిడ అని తెలియగానే అంకెలు తెలుగులోకి మారిపోతాయి.

ఊరేగింపుల నాడు ఈ వీధి తన పాత పనిలోకి తిరిగి వస్తుంది. మొహర్రం పదవ రోజున దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయలుదేరే బీబీ కా ఆలం చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదుగా వచ్చి మీర్ ఆలం మండి వైపు తిరిగి చాదర్‌ఘాట్ చేరుతుంది. బోనాల మరుసటి రోజున లాల్‌దర్వాజా, హరిబౌలి, శాలిబండ తదితర పేటల అమ్మవార్ల ఘటాలు ఇదే దారిలో చార్మినార్ దాటి, పత్తర్‌గట్టి మీదుగా నయాపూల్‌కు సాగుతాయి. వాటిలో ఏనుగు మీద వెళ్లేది అక్కన్న మాదన్న గుడి ఘటం. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు మంత్రులైన ఆ తెలుగు అన్నదమ్ముల పేరుతో ఉన్న గుడి నుంచి బయలుదేరిన ఏనుగు, కుతుబ్ షాహీల కమానుల కింది నుంచి నడిచిపోవడంలో ఉన్న ఔచిత్యాన్ని ఎవరూ ఎత్తి చూపనక్కరలేదు. అనంత చతుర్దశినాడు బాలాపూర్ గణేశుడు కూడా చార్మినార్ ముందు నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా హుస్సేన్ సాగర్‌కు వెళ్లేది ఈ దారిలోనే. మూడు వేర్వేరు సమూహాల భక్తి ఒకే రాతి వరుసల నడుమ, వేర్వేరు తేదీల్లో, కొన్నిసార్లు పోలీసు బందోబస్తు మధ్య నడుస్తుంది. ఆ బందోబస్తు ఎందుకు అవసరమైందో పాతబస్తీలో పెరిగినవారికి తెలుసు. ఆ చరిత్రను పూలదండల వెనుక దాచడం నాకిష్టం లేదు. అయినా దారి మాత్రం ఎవరికీ మూసుకుపోలేదు.

ఇప్పటి స్థితిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. కమానుల ముందు దుకాణం పేర్ల బోర్డులు ఒకదానిని మించి ఒకటి పెరిగి, రాతి వంపును చాలాచోట్ల పూర్తిగా కప్పేశాయి. బాల్కనీలకు ఏసీ యంత్రాలు, వాటి పక్క నుంచి కట్టలు కట్టలుగా వేలాడే తీగలు, కొన్నిచోట్ల రాయి మీద పూసిన రంగు. వ్యాపారిని నేను తప్పుపట్టను. బోర్డు కనిపించకపోతే గిరాకీ రాదన్న భయం నిజమైనదే. బోర్డు కొలత, ఎత్తు, రంగు అందరికీ ఒకటే అని నిర్ణయిస్తే ఎవరికీ నష్టం ఉండదు. ఈ వీధిని కట్టిన సూత్రమే అది కదా. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది కానీ, చట్టం సాధారణంగా ఒంటరి కట్టడం మీద చూపు నిలుపుతుంది. వీధి మొత్తాన్ని ఒక కట్టడంగా చూసే అలవాటు మన పాలనకు ఇంకా రాలేదు.

అందం కన్నా ముందు ఆలోచించవలసింది మరొకటుంది. 2025 మే 18 తెల్లవారుజామున గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న ఒక భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది పిల్లలు. లోపలికీ బయటికీ ఉన్నది ఇరుకైన ఒకే మెట్లదారి. కింద అంగడి, పైన ఇల్లు అన్న పద్ధతిని నేను ఇంతసేపు మెచ్చుకున్నాను, ఇప్పటికీ మెచ్చుకుంటాను, ఎందుకంటే రాత్రి దుకాణాలు మూసిన తరువాత కూడా మనుషులుండే వీధి బతికి ఉంటుంది. ఆ మనుషులు బతికి ఉండాలంటే వెనుక వైపు రెండో దారి, పాత తీగల మార్పిడి, మెట్ల కింద సరుకు నింపకపోవడం అవసరం. వారసత్వ పరిరక్షణ అంటే ముఖభాగం కడిగి దీపాలు పెట్టడమే అనుకునేవారికి ఆ పదిహేడు ప్రాణాలను గుర్తుచేయక తప్పదు.

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, నేల మీద రాళ్లు పరచి, నడిచేవారికి వదిలిపెట్టే పథకం ఒక కొలిక్కి రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఆ రాళ్ల మీద ఇప్పుడు తోపుడుబళ్లు నిండిపోయాయని ఫిర్యాదు చేసేవారితో నేను ఏకీభవించను. అంగడి వీధి మధ్యలో అంగడి ఉండడం వింత కాదు, బళ్లకు చోటు గీసి ఇవ్వకపోవడమే లోపం. 2024 మార్చి 8న పునాది రాయి పడిన పాతబస్తీ మెట్రో ఈ దారిని వదిలి, దారుల్‌షిఫా, హరిబౌలి, శాలిబండల మీదుగా పోతుంది. చార్మినార్ అన్న పేరుతో వచ్చే స్టేషన్ కూడా చార్మినార్‌కు అర కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. అది మంచి నిర్ణయం. పత్తర్‌గట్టి మీద స్తంభాలు నిలిచి ఉంటే ఈ వ్యాసానికి అర్థం ఉండేది కాదు.

చూడాలనుకునేవారికి ఒక సలహా. దుకాణాల షట్టర్లు లేవకముందే, ఉదయం ఏడు గంటల ప్రాంతంలో వెళ్లాలి. మదీనా వైపు నుంచి నడిస్తే చూపు మళ్లీ మీనార్ల మీదికే పోతుంది కనుక, ముందు గుల్జార్ హౌజ్‌కు చేరి, మచ్లీ కమాన్ కింద నిలబడి చార్మినార్‌కు వీపు తిప్పి ఉత్తరంగా నడవాలి. బోర్డుల పైన, రెండో అంతస్తు దగ్గర, ఇంకా ఎవరూ కప్పలేకపోయిన కమానులు వరుసగా కనిపిస్తాయి. దారిలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఎటని అడిగితే ఏ చాయ్ దుకాణంవాడైనా చెబుతాడు.